కత్తెర తగిలిన పటము

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 1:1–17, యిర్మీయా 36:20–32, ఆదికాండము 33:1–11



మీ ఇంటి గోడమీదనో, రేకు పెట్టె అడుగుననో ఒక పాత కుటుంబ పటము ఉండియుండును. క్రిస్మసు పండుగకు సున్నము వేయునప్పుడు దానిని దించి, తుడిచి, ఒక క్షణము చూచి, మరల తగిలించుదుము. అందులోని వారెవరని పిల్లలడిగినయెడల ఒకటి రెండు మాటలు చెప్పి పనిలోనికి పోవుదుము. ఈ నెల పాఠము అట్టి పటమును గూర్చినది. మీకు బోధించుటకు ముందు నేనే నేర్చుకొనవలసి వచ్చిన పాఠమిది. కావున మా ఇంటి సంగతి దాచక చెప్పుచున్నాను. సంఘ కాపరి ఇంటిలో ఇట్టిది జరుగునా అని మీరనుకొనవచ్చును. జరిగినది.

1. పెట్టెలో దొరికినది

మా తండ్రిగారు 2022లో ప్రభువునందు నిద్రించిరి. మరుసటి సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది గదా. ఆ వానకు మా స్వగ్రామములోని ఇల్లు కారినదని అమ్మ కబురు పంపగా, సామాను సర్దుటకు వెళ్ళితిని. అటకమీద తండ్రిగారి రేకు పెట్టె ఉండెను. అందులో ఆయన బడిపంతులు ఉద్యోగపు కాగితములు, పొలము దస్తావేజులు, అంచులు చిరిగిన పాటల పుస్తకము, వీటన్నిటి అడుగున తెల్లని గుడ్డలో చుట్టిన ఒక ఫొటో కనబడినవి.

అది 1968లో తెనాలిలోని ఒక స్టూడియోలో తీయించినదని వెనుక మా తాతగారి చేతివ్రాత చెప్పుచున్నది. ఆ దినములలో తాతగారు తెనాలి దగ్గర ఒక పల్లెలో మిషను బడి ఉపాధ్యాయుడు. పటములో తాతగారును నాయనమ్మయు కుర్చీలలో కూర్చున్నారు. తాతగారి ఒడిలో బైబిలు ఉన్నది. మా తండ్రిగారు ఇరువదియేండ్ల యువకుడు, వెనుక నిలిచియున్నారు. మా బాబాయి నేలమీద కాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు. అడుగునుండి తాతగారి మోకాళ్ళవరకు గోధుమరంగు మరక ఒకటి కలదు. అది 1977 నవంబరు 19, శనివారము రాత్రి వచ్చిన ఉప్పెన తుపాను గుర్తు. ఆ రాత్రి ఇంటిలోనికి వచ్చిన నీరు పెట్టెలోనికిని ఎక్కెనట.

అయితే నా చూపు నిలిచినది ఆ మరకమీద కాదు. నాయనమ్మ వెనుక, మా తండ్రిగారి ప్రక్కన, ఒక మనిషి నిలువవలసినంత చోట కాగితమే లేదు. కత్తెరతో తిన్నగా కత్తిరింపబడియున్నది. నాయనమ్మ భుజముమీద మాత్రము నాలుగు వ్రేళ్ళు మిగిలియున్నవి. ఆ వ్రేళ్ళు ఎవరివి?

అమ్మను అడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత, "మీ పెద్దత్తవి. మీ నాన్నే కత్తిరించారు. ఇక అడగమాకు" అనెను.

అడుగక మానలేదు. తాతగారు 1982లో వీలునామా వ్రాయకయే చనిపోయిరి. నాయనమ్మ అంతకు ముందే పోయినది. ఎకరమున్నర మాగాణి ఉండెను. మరుసటి సంవత్సరము మా మేనత్త రేపల్లె ప్రక్కనున్న తన అత్తవారి ఊరినుండి వచ్చి, పెద్దలయెదుట తన వంతు అడిగినది. "ఆడపిల్లకు పెళ్ళిలో పెట్టిందే వాటా" అని మా తండ్రిగారు తెగవేసి చెప్పిరి. పెద్దలును తలలూపిరి. ఆమె ఇంకొక మాట ఆడక బస్సెక్కి వెళ్ళిపోయినది. మరల రాలేదు. ఆ రాత్రియే కత్తెర పని జరిగినది. అప్పటికి నాకు నాలుగేండ్లు.

ఇంతకంటె నన్ను పొడిచిన సంగతి వేరొకటి కలదు. మా తండ్రిగారు మరణించినప్పుడు ఆ తోబుట్టువునకు కబురు పంపినవారెవరు? ఎవరును లేరు. నేనును పంపలేదు. ఆమె ఉన్నదన్న తలంపే నాకు రాలేదు. కత్తెర పట్టినది ఆయనయే గాని, కత్తిరింపు నా మనస్సులోను నిలిచియుండెను.

ఆ పటమును బల్లమీద పెట్టుకొని వాక్యము తెరచితిని. నేర్చుకొనిన సంగతులను వరుసగా చెప్పుచున్నాను.

2. పటము జ్ఞాపకపు రాయి

ఫొటో తీయు విద్య 1839లో లోకమునకు తెలియవచ్చినది. మూడేండ్లకు, అనగా 1842లో, హయ్యరుగారు గుంటూరు చేరి లూథరన్ మిషను పని ఆరంభించిరి. కాబట్టి మన ప్రాంతపు సువార్త చరిత్రయు ఫొటోల చరిత్రయు ఇంచుమించు ఒకే వయస్సు గలవి. తెనాలి, రేపల్లె ప్రక్కల లూథరన్ సంఘములలోనేమి, బాపట్లలోని బాప్తిస్టు సంఘములలోనేమి, పాత దొరల కాలపు గుంపు పటములు మీరును చూచియుందురు. సెమినరీలో చదువుకొనిన దినములలో అట్టివి నేను చాల చూచితిని. కుర్చీలలో కూర్చున్న దొరల పేర్లు, దొరసానుల పేర్లు క్రింద వ్రాసియుండును. వెనుక నిలిచిన పల్లెటూరి ఉపాధ్యాయులు, నేలమీద కూర్చున్న బైబిలు స్త్రీలు ఎవరో చాల పటములలో వ్రాసియుండలేదు. ఎండలో పొలముగట్లవెంట నడిచి ఇంటింటికి వాక్యము మోసినవారు వారే. ముఖము మిగిలినది, పేరు పోయినది.

యెహోషువ 4వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్ళు ఎత్తుకొని వచ్చిరి. ఆ రాళ్ళు తమంతట తాము మాటలాడవు. ఈ రాళ్ళెందుకని బిడ్డలు అడుగుదురు, తండ్రులు చెప్పవలెను. దేవుని ఏర్పాటు అది. రాయి సగము పని చేయును, పెద్దల నోరు మిగిలిన సగము చేయును. మన పటములును అట్టివే. చెప్పువారు పోయినయెడల అవి వట్టి కాగితములు.

రోమా పత్రిక 16వ అధ్యాయమును మనము తరచుగా త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. అది పౌలుగారి కుటుంబ పటమని నాకు తోచుచున్నది. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, మరియ, పెర్సిసు అని ఒక్కొక్కరిని చూపి, వీరు ఈ కష్టము చేసిరని చెప్పుచున్నాడు. పత్రికను చేతితో వ్రాసిన తెర్తియునకును అందులో చోటు దొరికినది. రూఫు తల్లి పేరు వ్రాయలేదు గాని, ఆమె తనకును తల్లియేనని పౌలు చెప్పుచున్నాడు. నేరియ సహోదరి పేరును లేదు. అయినను ఆమెను విడిచిపెట్టలేదు. గుంపులో అంచున నిలిచినవారిని సయితము లెక్కలోనికి తెచ్చుట అపొస్తలుని అలవాటు.

3. వెనుకకు చూచుటలో రెండు అపాయములు

పాత పటము చూచినప్పుడు మనస్సు కరగును. అది తప్పు కాదు. అయితే రెండు అపాయములు కలవు.

మొదటిది, ఆ దినములే మంచివని కూర్చుండిపోవుట. పూర్వకాలము ఇప్పటికంటె ఏల మేలుగా ఉండెనని అడుగుట జ్ఞానము కాదని ప్రసంగి 7:10 హెచ్చరించుచున్నది. లోతు భార్యను జ్ఞాపకము చేసికొనుడని మన ప్రభువే చెప్పెను. ఆ పాత ఫొటోలలో అందరును ఇస్త్రీ బట్టలతో నిటారుగా ఉందురు. ఆకలి ఫొటోలో పడదు. అప్పు ఫొటోలో పడదు. ఆ బట్టలు కొన్నిసార్లు ఎరువు తెచ్చుకొన్నవని మీ పెద్దలే చెప్పుదురు. మా పటములో తాతగారి కోటు స్టూడియోవారిదేనట.

రెండవది, చనిపోయినవారి పటమునకు దండ వేసి, దీపము పెట్టి, దాని యెదుట మ్రొక్కులు చెప్పుకొనుట. చుట్టుపట్ల ఆచారము చూచి మనవారును కొందరు అట్లు చేయుచున్నారు. దుఃఖములో ఉన్నవారిని నేను గద్దించను. పటమును ప్రేమతో చూడుము, తుడువుము, కన్నీరు వచ్చిన కార్చుము. అయితే మ్రొక్కు మాత్రము దేవునిదే. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడకూడదని 1 థెస్సలొనీకయులకు 4:13 మనకు నేర్పుచున్నది. మనవారు పటములో లేరు, ప్రభువునొద్ద ఉన్నారు.

ఇచ్చట ఇంకొక మాట. పటమే లేనివారి సంగతి యేమి? మన తాత ముత్తాతలలో అనేకులు ఒక్కసారియైనను కెమెరా యెదుట నిలువలేదు. స్టూడియో ఖర్చు వారికి కొన్నిదినముల కూలి. నా పరిష్‌లో ఒక వృద్ధురాలు ఉన్నది. 1977 ఉప్పెనలో ఆమె చంటిబిడ్డ కొట్టుకొనిపోయెను. ఫొటో ఒకటియైనను లేదు. ప్రతి నవంబరులో నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒక్కసారి వాడి పేరు పలికి ప్రార్థన చెయ్యండి" అని అడుగును. నేను ఆ పేరు పలికి, ఆ తల్లి ఆదరణ కొరకు ప్రార్థింతును. తల్లి మరచినను నేను మరువనని, నిన్ను నా అరచేతులలో చెక్కుకొంటినని దేవుడు చెప్పిన భావము యెషయా 49:15, 16 వచనములలో ఉన్నది. ఆ బిడ్డ ముఖము ఉన్న పటము అదియే.

4. కత్తి పట్టిన రాజు, కత్తిరింపని సువార్తికుడు

ఇప్పుడు పాఠములోని ముఖ్య సంగతికి వచ్చుచున్నాను. యిర్మీయా 36వ అధ్యాయములో యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి యెదుట కూర్చున్నాడు. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను అతని యెదుట చదువుచున్నారు. మూడు నాలుగు భాగములు చదివినంతనే రాజు లేఖకుని చాకుతో దానిని కోసి కుంపటిలో వేయుచుండెను. తనకు వినబుద్ధికాని మాటను కోసివేసినయెడల అది లేకపోవునని అతని తలంపు. దేవుడేమి చేసెను? ఇంకొక చుట్ట తీసికొని మొదటి మాటలన్నియు మరల వ్రాయుమనెను. బారూకు వ్రాసెను. అట్టి మాటలు మరి అనేకములు దానిలో చేర్చబడెను. కోసినవానికి మిగిలినది బూడిద. మాట మాత్రము నిలిచినది.

మా తండ్రిగారి కత్తెరయు అట్టిదే. ఆమె అడిగినది న్యాయమని ఆయనకు లోపల తెలియును. క్రైస్తవ కుటుంబములకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము, వీలునామా లేకుండ తండ్రి చనిపోయినయెడల కుమారునికిని కుమార్తెకును సమాన భాగమే చెప్పుచున్నది. చట్టమునకు ఎంతో ముందు సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యములో చోటు అడిగిరి. వారి మాట సరియైనదని దేవుడే తీర్పు చెప్పెను. వారి అయిదు పేర్లును వ్రాయబడినవి. పేరు వ్రాయించుట దేవుని పని, కత్తిరించుట మన పని.

మత్తయి సువార్త మొదటి అధ్యాయమును ఈ కన్నుతో మరల చదువుడి. అది మన రక్షకుని కుటుంబ పటము. అందులో దాచుకొనదగిన ముఖములు కొన్ని ఉన్నవి. తామారు ఉన్నది. రాహాబు ఉన్నది. మోయాబీయురాలైన రూతు ఉన్నది. దావీదు పాపమును జ్ఞప్తికి తెచ్చు ఊరియా భార్య ఉన్నది. మత్తయి యూదుడు, అట్టి వంశావళులలో స్త్రీల పేర్లు వ్రాయకపోయినను ఎవరును అడుగరు. అతడు ఆ స్త్రీలలో ఒకరినైనను కోసివేయలేదు. కోసివేసియుండినయెడల గొలుసే తెగియుండును గదా. యేసు ప్రభువు జన్మించినది ఆ ముఖములన్నియు ఉన్న కుటుంబములోనే. మనలను చేర్చుకొన్నదియు ఆ కుటుంబములోనికే. అందుచేత మనకును అందులో చోటు దొరికినది.

5. రేపల్లె ప్రయాణము

ఈ వాక్యములమీద మూడు ఆదివారములు ప్రసంగము సిద్ధపరచుకొంటిని, ఒక్కటియు చెప్పలేకపోతిని. బయలుదేరక బోధించుట ఎట్లు? చివరకు ఒక సోమవారము తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కితిని.

వేమూరు దాటి భట్టిప్రోలు వచ్చినప్పుడు కిటికీలోనుండి చూచుచు ఒక సంగతి తలంచితిని. ఆ ఊరి పాత స్తూపములో 1892లో త్రవ్వకములు జరుగగా రాతి కరండములు బయల్పడినవి. వాటిమీద రెండువేల యేండ్లకు పూర్వపు అక్షరములలో ఆ కట్టడములో పాలుగొన్నవారి పేర్లు చెక్కబడియున్నవి. అన్ని శతాబ్దములు ఆ పేర్లను రాయి కాపాడినది. ఏబది సంవత్సరములైనను మన ఇంటి ఆడపడుచు పేరును మనము కాపాడలేకపోతిమి.

ఇల్లు వెదకి పట్టుకొంటిని. ఎనుబదియేండ్ల దగ్గర వయస్సుగల ఒక స్త్రీ వరండాలో నులకమంచముమీద కూర్చుండి మునగాకు దూయుచున్నది.

"ఎవరు నాయనా?"

"నేను అత్తయ్యా. బాపట్ల దగ్గర మీ తమ్ముడి కొడుకుని."

ఆమె చేయి ఆగినది. నా ముఖము చాలసేపు చూచినది. "అచ్చం వాడే" అనెను. కొంతసేపటికి, "తమ్ముడు పోయాడని మూడో రోజున రేపల్లె బస్టాండులో ఎవరో మన ఊరి మనిషి చెప్తే తెలిసింది. అక్కడే అరుగు మీద కూలబడ్డాను" అనెను. నేను తల వంచుకొంటిని. క్షమించుమనుటకు నోరు రాలేదు. ఆ అరుగుమీద ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టినవారిలో నేనొకడను.

లోపలికి రమ్మనెను. గడప దాటి తల ఎత్తగా ఎదుటి గోడమీద అదే పటము ఉన్నది. అదే తాతగారు, అదే అరువు కోటు, అదే బైబిలు. నాయనమ్మ వెనుక పరికిణీ ఓణీలో ఒక యువతి, తల్లి భుజముమీద చేయి వేసి, నవ్వు ఆపుకొనుచు నిలిచియున్నది. ఆమె ప్రక్కన మా తండ్రిగారు. ఆ పటములో ఎవరును కత్తిరింపబడలేదు.

ఆమె పెండ్లికి నెల ముందు తాతగారు ఆ ఫొటో తీయించి రెండు కాపీలు అడిగెనట. ఒకటి ఇంటికి, ఒకటి అత్తవారింటికి పోవు కూతురునకు. స్టూడియోలో మొదట తయారగునది నెగటివు అని మీరెరుగుదురు. అందులో తెలుపు నలుపుగాను, నలుపు తెలుపుగాను కనబడును. దానిమీదుగా కాగితముమీద వెలుగు పడనిచ్చి ఎన్ని కాపీలైనను తీయవచ్చును. ఒక కాపీకి కత్తెర తగిలినను రెండవది చెడదు. మనము కత్తిరించుకొనునది మన చేతిలోని కాపీని మాత్రమే సుమా. మూలము దేవునియొద్ద ఉన్నది.

"ఉప్పెన రాత్రి పిల్లల్ని బడి మేడ మీదికి ఎక్కించి, బైబిలూ ఈ పటమూ చీరలో కట్టుకుని ఎక్కాను" అని ఆమె చెప్పినది. "అప్పటి నించీ రోజూ దుమ్ము తుడుస్తా."

"నాన్నగారి ముఖం మీది దుమ్ము కూడానా అత్తయ్యా?" అని తెలివితక్కువగా అడిగితిని.

"అందరూ ఒకే అద్దం కింద ఉన్నారుగా" అనెను.

6. బాకీ

యాకోబు ఇరువది సంవత్సరముల తరువాత ఏశావునొద్దకు వచ్చిన సంగతి ఆదికాండము 33వ అధ్యాయములో చదువుదుము. అతడు వట్టి చేతులతో రాలేదు. తాను తెచ్చినది పుచ్చుకొనుమని బలవంతము చేసెను. అచ్చట 11వ వచనములో కానుక అని మన బైబిలులో ఉన్న మాటకు హెబ్రీ భాషలో బెరాకా అని ఉన్నది. అనగా ఆశీర్వాదము. 27వ అధ్యాయములో యాకోబు మోసముతో తీసికొనిన ఆశీర్వాదమునకును అదే మాట. తీసికొనినదానిని అతడు తిరిగి చేతిలో పెట్టుచున్నాడు. అన్న ముఖము చూచుట దేవుని ముఖము చూచినట్లున్నదని యాకోబు చెప్పినదియు అప్పుడే. దేవుని ముఖము వెదకువాడు ముందుగా సహోదరుని ముఖమును చూడవలెను.

అన్నము తినుటకు ముందే పొలము మాట ఎత్తితిని. బాబాయి తన అర ఎకరము తాను తీసికొనెను. మిగిలిన ఎకరములో సగము అత్తయ్యది. అది ఇప్పుడు నా పేరనున్నది. ఆమె, "పొలం సంగతి తర్వాత. ముందు చేతులు కడుక్కో" అని విస్తరి వేసినది.

కొన్ని నెలలకు ఆ అర ఎకరము ఆమె పేర రిజిష్టరు చేయించితిని. బంధువులలో కొందరు నవ్విరి; కొందరు కోపించిరి. ఇది దానమని మీలో ఎవరైనను తలంచినయెడల దయచేసి అట్లు తలంచవద్దు. అది బాకీ. అందులోను అసలు మాత్రమే తీరినది. నలుబది సంవత్సరముల పంటను నేను ఇయ్యలేదు, ఇయ్యజాలను. అత్తయ్య వద్దనలేదు. "మనవరాలి చదువుకు అక్కరకొస్తుంది" అని పుచ్చుకొనెను. ఆమె వద్దనియుండినయెడల నాకు సులువుగా ఉండెడిది గాని న్యాయము జరిగియుండెడిది కాదు.

మా తండ్రిగారిని గూర్చి ఒక మాట. ఆయన చెడ్డవాడు కాడు. వందలమంది పేద పిల్లలకు అక్షరములు దిద్దించిన పంతులు. కత్తిరించిన ముక్కను కాలువలో వేసెనని అమ్మ చెప్పినది. అయితే మిగిలిన పటమును పారవేయలేదు. నాలుగు వ్రేళ్ళు మిగిలిన ఆ కాగితమును తెల్లని గుడ్డలో చుట్టి చివరివరకు దాచుకొనెను. ఎన్నిసార్లు తీసి చూచుకొనెనో ప్రభువునకు తెలియును. రేపల్లెకు రైలు చార్జీ పెద్ద మొత్తమేమియు కాదు. ఆయన వెళ్ళలేకపోయెను. సమయమున్నప్పుడే వెళ్ళవలెనని మీతో చెప్పుటకే ఇదంతయు వ్రాసితిని.

7. మన ఇండ్లలో చేయవలసినవి

క్రొత్త సంవత్సరమునకు ముందుగా ప్రతి కుటుంబమును ఒక సాయంకాలము కూర్చుండి ఈ పనులు చేయవలెనని కోరుచున్నాను.

ఒకటి: పటములన్నియు దించి, పెద్దలను నడుమ కూర్చుండబెట్టి, ఒక్కొక్క ముఖమునకు పేరు అడుగుడి. పేరు, వరుస, ఊరు, సంవత్సరము మెత్తని పెన్సిలుతో ఫొటో వెనుక అంచున తేలికగా వ్రాయుడి. బాల్ పెన్నుతో వ్రాసిన గీత ముందువైపున ఉబ్బును, సిరాయు దిగును.

రెండు: చిరిగినదానికి అంటించు టేపు వేయవద్దు; కొన్నాళ్ళకు అది పసుపుబారి ఫొటోను తినివేయును. అద్దమునకు అంటుకొనిన ఫొటోను లాగవద్దు. బొమ్మ అద్దమునకే ఊడివచ్చును. అద్దము మీదుగానే సెల్ ఫోనుతో ఫొటో తీసికొనుడి.

మూడు: ఎండ తగులు గోడ, చెమ్మ గోడ, వంటపొగ, ఈ మూడును ఫొటోకు శత్రువులు. మనది సముద్రపు గాలి తగులు నేల. శుభ్రమైన కాగితపు కవరులో పెట్టి, నీరు అందని ఎత్తున ఉంచుడి.

నాలుగు: తుపానులో తడిసిన ఫొటోలను ఒకదానిమీద ఒకటి ఎండనీయవద్దు, అంటుకొనిపోవును. శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి మెల్లగా విడదీసి, బొమ్మను రుద్దక, బొమ్మవైపు పైకి ఉండునట్లు గుడ్డమీద నీడను ఆరబెట్టుడి.

ఐదు: సెల్ ఫోనులో తీసిన కాపీలను రెండు మూడు ఇండ్లకు పంపుడి. ఒక ఇంట పోయినను ఒక ఇంట మిగులును. మా కుటుంబ పటము మిగిలినది అట్లే గదా.

ఆరు: పటము లేని పెద్దల పేర్లను సంఘపు బాప్తిస్మము రిజిష్టరులో వెదకుడి. ఆరాధన తరువాత నాయొద్దకు వచ్చినయెడల రిజిష్టరు తీసి చూపుదును.

ఏడు: మీ పటములో కత్తెర తగిలిన చోటు ఉన్నదా? కాగితము తెగకపోయినను మనస్సులో తెగిన ముఖము ఉన్నదా? ఆ ఊరికి బస్సు ఎన్ని గంటలకో కనుగొనుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యొర్దాను రాళ్ళను గూర్చి బిడ్డలు అడుగునప్పుడు తండ్రులు ఏమి చెప్పవలెను? మన ఇంటి పిల్లలు ఇట్లు ఎప్పుడు అడిగిరి? మనమేమి చెప్పితిమి?

2. మత్తయి 1వ అధ్యాయములో పేర్కొనబడిన స్త్రీలు ఎవరు? వారిని విడిచిపెట్టినయెడల మనము ఏమి పోగొట్టుకొందుము?

3. యెహోయాకీము చుట్టను ఎందుకు కోసెను? వినబుద్ధికాని ఏ మాటను మనము కోసివేయుచున్నాము?

4. మన కుటుంబములో ఎవరికైనను న్యాయముగా రావలసినది మన చేతిలో ఉన్నదా?

ప్రార్థన

మమ్మును పేరుపెట్టి పిలిచిన తండ్రీ, మా ఇంటి పెద్దల కొరకు నీకు స్తోత్రము. పటము ఉన్నవారిని, లేనివారిని నీవెరుగుదువు. మేము కత్తిరించినవారిని మాకు జ్ఞప్తికి తెమ్ము. వారి ఇంటి గడప తొక్కుటకు ధైర్యమును, వారికి రావలసినది ఇచ్చుటకు మనస్సును దయచేయుము. నీ కుమారుడైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.

తరువాయి మాట: గడచిన క్రిస్మసుకు అత్తయ్య మా ఇంటికి వచ్చినది. ఆమె పటమునుండి క్రొత్త కాపీ తీయించి మా గోడకు తగిలించితిమి. వెనుక అయిదుగురి పేర్లు పెన్సిలుతో ఆమెయే వ్రాసినది. తమ్ముని పేరు మొదట వ్రాసి, తన పేరు చివర వ్రాసికొనెను. కత్తెర తగిలిన పటమును నేను పారవేయలేదు. అది నా బైబిలులో మత్తయి మొదటి అధ్యాయము దగ్గర ఉన్నది.